డాక్టరమ్మ గదిలో ఒకటే స్టూలు

షాబాదు బండల మీద ఇనప స్టూలు ఈడిస్తే వచ్చే చప్పుడుకు ఎవరి పళ్లయినా జివ్వుమంటాయి. ఈ ఉదయం లింగసుగూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన తన కూతురి కోసం స్టూలును ముందుకు లాగితే మా నర్సు రెండు చెవులూ మూసుకుంది. దాని కాళ్లకు రబ్బరు తొడుగులు వేయిద్దామని ఆమె నన్ను ఎన్నాళ్లుగానో సతాయిస్తోంది. నేను వినడం లేదు. రాయచూరులో మా వీధి చివర సరోజమ్మ డాక్టరు దగ్గర నేను కూర్చున్న స్టూలే ఇది. ఆమె పోయి ఏడాది దాటింది. చప్పుడు మాత్రం అలాగే ఉంది, దాన్ని కూడా పోగొట్టుకోమంటే నా వల్ల కాదు.

ఆమెను చూడనివాళ్లకు ఎలా చెప్పాలి? పొట్టి మనిషి, గొంతు పెద్దది. పెళ్లి చేసుకోలేదు. వచ్చినవాళ్లతో కన్నడం, దక్కనీ ఉర్దూ, తెలుగు మూడూ ఒకే ఊపిరిలో మాట్లాడేది. ఆమె గదిలో రోగికి ఒకటే స్టూలు. వెంట వచ్చినవాళ్లకు కుర్చీ లేదు, ఉండనిచ్చేదీ కాదు. మా వైపు దవాఖానకు ఎవరూ ఒంటరిగా పోరు. కోడలికి జబ్బు చేస్తే అత్త చెబుతుంది, ముసలమ్మకు చేస్తే కొడుకు చెబుతాడు, రోగి మాత్రం పక్కన తల వంచుకుని కూర్చుంటుంది. సరోజమ్మ దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు. "మాట్లాడేటోళ్లు బయట కూసోండ్రి" అని తలుపు చూపించేది. ఆ తర్వాత రోగిని "ఏడ నొప్పి?" అని ఒక్కటే అడిగి ఊరుకునేది. పెన్ను కూడా చేత పట్టేది కాదు. ఎంతసేపైనా సరే, జవాబు వచ్చేదాకా మరో మాట ఉండదు.

బయట వరండాలో తమాషా అంతా జరిగేది. ఒకసారి సింధనూరు కాలవ కింద పల్లె నుంచి ఒకావిడ కోడల్ని తీసుకొచ్చి, బయటికి పొమ్మన్నందుకు ఇంతెత్తున లేచింది. "ఇదెక్కడి చోద్యమండీ! నేను చెప్పకపోతే దానికేం తెలుసండీ?" అంది. "తెలుసో తెల్వదో అడిగి చెప్తనమ్మా, మీరు జర మంచినీళ్లు తాగుండ్రి" అని సరోజమ్మ తలుపు వేసేసింది. ఆవిడ కాసేపు గొణిగి, ఆనక తలుపుకు చెవి ఆనించింది. అక్కడే చదువుకుంటున్న నేను పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక చచ్చాను.

నేనూ ఆ స్టూలు మీద కూర్చున్నదాన్నే. ఏడో తరగతిలో నాకు రోజూ తలనొప్పి. మా నాన్న గంజ్ బజారులో పత్తి అడితి దుకాణంలో గుమాస్తా. ప్రేమ జాస్తి, నోరు అంతకంటే జాస్తి. నా బదులు ఆయనే మాట్లాడేవాడు. చుట్టాల ఇంట్లో అన్నానికి కూర్చుంటే "మా నీరజకు వంకాయ పడదు" అని నేను చెయ్యి చాపిన గిన్నెను పక్కకు జరిపించేవాడు. ఆ రోజు డాక్టరమ్మతో కూడా "ఎండల ఎగురుతది డాక్టరమ్మా, తలనొప్పి రాక ఏమైతది?" అని మొదలుపెట్టాడు. ఆమె ఆయన్ను బయటికి పంపించింది. నేను చాలాసేపు గోళ్లు గిల్లుకుని, బోర్డు కనబడటం లేదని చెప్పేశాను. ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగింది. మా వంశంలో ఎవరికీ కళ్లద్దాలు లేవని నాన్న అందరి దగ్గరా గొప్పగా చెప్పుకుంటాడు, అందుకే చెప్పలేదన్నాను. డాక్టరమ్మ పగలబడి నవ్వింది. తలుపు తీసి నాన్నతో "నర్సప్పా, మీ వంశంల మొదటి అద్దాలు కొనిపెట్టు పో" అంది.

అప్పటి నుంచి ఆ వరండా నాకు రెండో ఇల్లయింది. సెలవుల్లో అక్కడే చదువుకునేదాన్ని. నేను డాక్టరు చదువుతానంటే ఆమె ఎంత సంబరపడిందో! ఆమె తర్వాత ఆ దవాఖాన నాదేనని వీధిలో అందరూ అనుకునేవారు, ఆమె కాదనలేదు. నాకు మంచి ర్యాంకు వచ్చిన రోజు నా నోట్లో మైసూరుపాకు కుక్కి, "గుల్బర్గాల సదువు. ఆదివారం ఆదివారం వచ్చి నా దగ్గర కూసుంటే పని తెలుస్తది" అంది. అది ఆజ్ఞ కాదు, ఆశ. నాకా తేడా అప్పుడు తెలియదు.

ఇక సీట్ల గొడవ. కంప్యూటర్‌లో కాలేజీల పేర్లు వరసగా పెట్టాలి. నా ర్యాంకుకు గుల్బర్గా, మంగళూరు రెంటిలో ఏది పైన పెడితే అది వస్తుందని ఇంటర్నెట్ సెంటరాయన లెక్కగట్టి చెప్పాడు. ఒకసారి గడువు దాటితే మార్చడానికి లేదు. గుల్బర్గా రైల్లో ఎక్కి కునుకు తీసేలోపు వచ్చేస్తుంది. అవే ఎండలు, అదే జొన్నరొట్టె, మన భాషలే. పైగా పెద్దమ్మ ఇల్లుంది. మంగళూరు రాష్ట్రం ఆ కొసన, సముద్రం ఒడ్డున. నెలల తరబడి వాన. మా ఇంట్లో ఎవరూ ఆ మొహాన పోయినవాళ్లు కారు. నాన్న గుల్బర్గా అన్నాడు. శక్తినగర్ కరెంటు ప్లాంటులో పనిచేసే చిన్నాయన "పేరున్న కాలేజీ వదులుకుంటరా?" అని మంగళూరు పట్టుకున్నాడు. వారమంతా ఇంట్లో అదే యుద్ధం. అన్నం పళ్లేల ముందు మొదలై చెయ్యి ఎండిపోయేదాకా సాగేది. నన్ను అడిగినవాళ్లు లేరు. నాకు ముద్ద దిగేది కాదు.

గడువు చివరి రోజు సాయంత్రం నాన్న నన్ను స్కూటరెక్కించుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె గుల్బర్గా అంటుందని, దాంతో చిన్నాయన నోరు మూతపడుతుందని ఆయన ధీమా. గదిలోకి పోతూనే "మీరొక్క మాట చెప్పుండ్రి డాక్టరమ్మా, ఇంకో గంటల సెంటర్ల పేర్లు పెట్టాలె" అన్నాడు. ఆమె నా ముఖం వంక చూసింది.

"నర్సప్పా, నువ్వు బయట కూసో."

"నన్నెందుకు? మేమేం పేషెంట్లమా డాక్టరమ్మా?"

"నువ్వు కాదు. అందుకే బయటికి పొమ్మంటున్న."

తలుపు పడింది. స్టూలు లాక్కుని కూర్చున్నాను. "ఏడ నొప్పి?" అని అడిగి ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. బయట నాన్న చెప్పుల చప్పుడు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఇంతలో కరెంటు పోయి ఫ్యాను ఆగింది. చెమటకు అద్దాలు ముక్కు మీదికి జారుతున్నాయి. గుల్బర్గా అంటే ఈ గదిలో ఇద్దరం, బయట ఒకరు సంతోషిస్తామని అనుకోబోయాను. కానీ ఆ లెక్కలో నేను లేనని నాకే తెలుసు. నాన్న రెండుసార్లు తలుపు కొట్టాడు. "టైం అయితున్నది!" అని కేకేశాడు. డాక్టరమ్మ కదల్లేదు.

"మంగళూరు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎందుకు?"

"ఆడ నేను ఎవ్వరికీ తెల్వదు. నా బదులు మాట్లాడేటోళ్లు ఉండరు."

"భయం లేదా?"

"మస్తు ఉన్నది. వాళ్ల బాస రాదు, సముద్రం సూడనే లేదు. అయినా అదే కావాలె."

ఆమె లేచి మూలనున్న బేసిన్ దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. ఏ రోగిని చూసినా కడుక్కోవడం ఆమె అలవాటే, కానీ ఆ రోజు నన్ను ముట్టుకోను కూడా లేదు. నీళ్లు చాలాసేపు పారాయి. తర్వాత చేతులు తుడుచుకుని తలుపు తీసింది.

"నర్సప్పా, పేషెంటు చెప్పింది. మంగళూరు."

నాన్న ముఖం మాడిపోయింది. "గదేంది డాక్టరమ్మా! మీ మాట చెప్పమంటే..."

"నాది చెప్పేటిదేం లేదు. నొప్పి ఎవరిదో మాట వాళ్లది."

"అంత దూరంల దానికి జరమొస్తే ఎవరు సూస్తరు?"

"అది డాక్టర్ల కాలేజీ నర్సప్పా, ఎవరో ఒకరు సూస్తర్లే."

సెంటర్లో నాన్న కుర్చీ నాకు వదిలి వెనక నిలబడ్డాడు. పైన మంగళూరు పెట్టి మీట నొక్కాను.

మంగళూరు నన్ను మంచం కింద బూట్లకు పట్టిన బూజుతో ఆహ్వానించింది. ఉతికిన బట్టలు ఆరేవి కావు. వార్డులో రోగులు తుళు మాట్లాడితే గుడ్లప్పగించి చూసేదాన్ని. మొదటి ఏడాది ఏడవని వారం లేదు. అయితే ఏడ్చినా, నవ్వినా, పోట్లాడినా నా నోటితోనే. భాష రాకపోవడం వల్ల రోగి చెప్పేదాకా ఆగడం కూడా అలవాటయింది. డాక్టరమ్మ ఫోన్లో చదువు గురించే అడిగేది. ఎప్పుడొస్తావని ఒక్కనాడూ అనలేదు. నేను పైచదువులో ఉండగా మోకాళ్లు సహకరించక ఆమె దవాఖాన మూసేసింది.

చదువు ముగించి రాయచూరులోనే పనిలో చేరాను. ఒకరోజు ఆమె చెల్లెలి కూతురు ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చింది. "పెద్దమ్మ సరిగ్గ తింటలేదు, నిద్ర పోతలేదు, చెప్పినట్టు వింటలేదు" అని ఆ పిల్ల గడగడా చెబుతుంటే, సరోజమ్మ తల వంచుకుని కూర్చుంది. ఆమె తల వంచడం నేను అదే మొదటిసారి చూడటం. ఆ పిల్లను కాసేపు బయట కూర్చోమన్నాను. తలుపు వేసి "ఏడ నొప్పి డాక్టరమ్మా?" అని అడిగి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

ఆమె కిసుక్కున నవ్వింది. "నా మందు నాకే పోస్తున్నవా?"

నేను మాట్లాడలేదు. ఆమెకూ తెలుసు, నేను మాట్లాడనని.

"మోకాళ్లంటవా, అది వయసు నొప్పి" అంది. "నువ్వు మంగళూరు అన్న రోజు మాత్రం ఈడ కలుక్కుమన్నదే" అని గుండె మీద చెయ్యేసుకుంది. "గుల్బర్గా పెట్టుమని నోటిదాంక వచ్చింది. చేతులు కడుక్కుంట మింగిన. నన్నెవరు అడిగిన్రు?"

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "ఒక్క మాట చెప్తే గుల్బర్గానే పెడుతుంటి గద డాక్టరమ్మా!"

"అందుకే చెప్పలే" అంది.

స్టూలు ఆమె తదనంతరం నాకు వచ్చింది. ఆమె పద్ధతీ వచ్చింది, కానీ దానికి నేనొకటి కలుపుకున్నాను. ఈ ఉదయం లింగసుగూరాయన్ను బయటికి పంపి, ఆ అమ్మాయి చెప్పుకోవాల్సిందంతా చెప్పుకునేదాకా ఆగాను. ఆ తర్వాత తలుపు తీసి తండ్రిని లోపలికి పిలిచాను.

"ఇప్పుడు మీరు కూసోండ్రి. మీకు ఏడ నొప్పి?"

ఆయన తెల్లబోయి కూతురి వంక చూశాడు. ఆ పిల్ల లేచి నిలబడింది. ఆయన స్టూలును మెల్లగా ముందుకు లాక్కున్నాడు.