సమాధానం కుట్టిన అలల నిక్కరు

మా నాన్న, దర్జీ సమాధానం, పోయాడన్న మాట నాకింకా మింగుడుపడలేదు. ఆయన్ను తలచుకుంటే, మైపాడు ఒడ్డున ఇసుకలో కూలబడ్డ ఆ ఆదివారమే కళ్ళ ముందుకొస్తుంది.

అరవై మూడో సంవత్సరం. నెల్లూరు బట్టల ఏజెంటు హజరత్తయ్య మచ్చుకని ఒక గళ్ళ నిక్కరు ఇచ్చి వెళ్ళాడు. పరాయి దేశంలో కుర్రాళ్ళు చెక్క మీద నిలబడి అలల మీద జారతారట. వాళ్ళ బట్టల కోసమే ఒక కంపెనీ వెలిసిందట. నాన్న ఆ సంగతి చెబితే అమ్మ నోరు నొక్కుకుంది.

"అల మీద నిలబడతారా? వాళ్ళకి అమ్మానాయనా లేరా?"

"మనకెందుకే ఏసుమణీ! అట్టాంటిదే కుట్టి బుధవారం చూపిస్తే ఏడాదంతా పని మనదే."

కొత్త పనిలో తొలి ఫలం దేవుడిదని మా నమ్మకం. కోతపండుగనాడు దాన్ని చర్చిలో వేలం వేస్తారు. ఆ ఆదివారమే పండుగ. నాన్న పొద్దున్నే పక్కూరికి బైబిలు వాక్యం చెప్పడానికి పోయాడు. కుట్టు మిషను బల్ల మీదున్న మచ్చు నిక్కరు చూసి, నాన్న కుట్టిన మొదటిది అదేననుకుని అమ్మ కానుకల్లో వేసేసింది. వేలంలో కోడి కోసం వచ్చిన జాలరి ఓబయ్య దాన్ని పాడుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి సంగతి తెలుసుకుని నాన్న ఒడ్డుకు పరుగెత్తాడు. ఓబయ్య తెప్ప దిగాడు, గోచీతో.

"నిక్కరేది ఓబయ్యా?"

"అల వలిచేసిందన్నా! గుండీలు ఊడి పాయె. లోన గోచీ కట్టుకోకుంటే ఈ ఆడోళ్ళ ముందు నా గతేంది?"

చేపలు ఏరుతున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నాన్న ఇసుకలో కూలబడ్డాడు.

"ఏడవబాక అన్నా. పిలకాయలకైనా మొలతాడు కడతాం. దీనికి తాడేదీ?"

నాన్న తలెత్తి చూశాడు. ఆ రాత్రే గుర్తున్న కొలతలతో కొత్తది కుట్టి, నడుముకు గట్టి బొందు ఎక్కించాడు.

బుధవారం ఉన్నదున్నట్టు చెప్పేసరికి హజరత్తయ్య అదిరిపడ్డాడు.

"కంపెనీ ఇచ్చింది అదొక్కటే, సమాధానం! సముద్రం పాలు చేసినావా?"

నాన్న కొత్త నిక్కరు చేతపట్టుకుని ఆయన్ను ఒడ్డుకు తీసుకెళ్ళాడు. ఓబయ్య కొత్త నిక్కరు తొడుక్కుని తెప్పను అలలకు ఎదురు తోశాడు. అల తెప్పను తిరగేసింది. మనిషి మునిగాడు. హజరత్తయ్య గుండె పట్టుకున్నాడు. ఓబయ్య తేలి, లేచి నిలబడి, రెండు చేతులూ ఎత్తాడు. నిక్కరు నడుముకే ఉంది.

హజరత్తయ్య దాన్ని తడి ఓడుతుండగానే విప్పించి కాగితంలో చుట్టుకున్నాడు.

"ఇంక ఇదే మచ్చు" అన్నాడు.

వెంట వచ్చిన అమ్మ ముందుకొచ్చి, "అయితే పని మాదేనా అయ్యా?" అని అడిగింది.

"మీదేనమ్మా. అన్నిటికీ బొందు ఎక్కించమను."