బావమరిదికి అంటగట్టిన తాగుడు

తాగుడు మానుకున్నవాళ్ల మీటింగు ఎక్కడ జరుగుతోందో కనుక్కోవడానికి నర్సీపట్నమంతా వానలో తిరిగానని మనవలకి చెబుతుంటాను. అబద్ధం. ఒక్క అడుగు తిరగలేదు. సారా కొట్టు ఎదుటి కరెంటు స్తంభానికే ఆ మీటింగు కాగితం అంటించి ఉండేది. రోజూ సాయంత్రం నేను ఆనుకుని నిలబడే స్తంభం అదే. నెల్లాళ్లు నా వీపు చదివింది గానీ నేను చదవలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. తాలూకా ఆఫీసులో గుమస్తాని. ఓ ఉదయం చెయ్యి వణికి, ఆఫీసరుగారి ముందే ఫైలు మీద సిరా బుడ్డి ఒలకబోశాను. ఆయన తిట్టలేదు. నా చేతివైపు అలా చూస్తూ ఉండిపోయారు. ఆ ఆదివారమే మీటింగుకి వెళ్లాను.

ఎలిమెంటరీ స్కూల్లో రెండో తరగతి గది. పిల్లల బెంచీలు, కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. పదిమంది ఉంటారేమో. ఒకప్పుడు తానూ తాగి మానేసిన ముసలి కాంపౌండరు గారు నడిపేవారు. ఒక్కొక్కరే లేచి తమ సంగతి చెప్పుకుంటున్నారు. నా వంతు వచ్చింది.

"నాకేం అలవాటు లేదండీ. మా బావమరిది కోసం వచ్చాను."

"మీ బావమరిది తాగితే మీ కళ్లు ఎర్రబడ్డాయేటి బాబూ?" అన్నారాయన.

అందరూ నవ్వారు. దారిలో దుమ్మండీ అన్నాను.

మా ఆవిడ తమ్ముడు కోటవురట్లలో టీచరు. సారా మాట దేవుడెరుగు, టీ కూడా ముట్టడు. అలాంటివాడు తెల్లారకుండానే గ్లాసు పడతాడని, ఓసారి కాలవలో పడితే జనం ఈడ్చుకొచ్చారని, భార్య పళ్లెంలో పెట్టిన అన్నాన్ని గోడకేసి కొట్టాడని వారం వారం చెప్పాను. అన్నీ నేను చేసినవే. చెబుతుంటే ఏడుపొచ్చేది, గుండె తేలికపడేది. ఆ గదిలో నేను చెప్పినదంతా నిజమే, మనిషొక్కడే అబద్ధం.

ఇక్కడి మాట గడప దాటకూడదన్నది అక్కడి కట్టుబాటు. అయితే కోటవురట్ల నుంచి వచ్చే చెరుకు రైతొకాయన, ఆ కట్టుబాటు వచ్చినవాళ్లకే గానీ రానివాళ్లకి కాదనుకున్నాడు. రానివాణ్ణి చెయ్యిపట్టి తీసుకురావాలన్నది ఆయన ధర్మం. తిన్నగా బడికెళ్లి, పిల్లలూ పెద్దలూ చూస్తుండగా మా బావమరిది రెండు చేతులూ పట్టుకున్నాడట.

"మాస్టారూ, మీ బావగారు అంతా సెప్పీసినారు. సిగ్గుపడకండి, నానూ తాగినోణ్ణే. ఆదివారం బేగి రండి, బస్సులో నా పక్కన కూకుందురుగాని."

ఆదివారం ఇద్దరూ గుమ్మంలో ప్రత్యక్షం. కాంపౌండరు గారు చెప్పమంటే బావమరిది లేచి, నావైపు ఓసారి చూసి, "అవునండీ, తాగుతాను. మానాలనుంది," అన్నాడు.

అప్పుడే నేను లేచి నిజం చెప్పేశానని మా చుట్టాల్లో చెప్పుకుంటాను. అదీ అబద్ధమే. గమ్మున కూర్చున్నాను.

బస్ స్టాండులో అడిగాను, "ఎందుకలా అన్నావురా?"

"కాదంటే మీరు మళ్లీ ఆ గది గడప తొక్కరు బావా. అక్క మొహం చూడలేకపోతున్నాను. నేనెన్నాళ్లు తాగాలో చెప్పండి, తాగుతాను."

నేనేమన్నానో తెలుసా? "ఇంకొక్క వారం ఓర్చుకోరా." ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ పక్కకి తిరిగి పడుకుంటాను.

ఆ తర్వాత మరో మూడు ఆదివారాలు వచ్చాడు. ఈలోగా ఊళ్లో అతని ట్యూషన్‌కి పిల్లల్ని పంపడం మానేశారు. హెడ్మాస్టరు ఏదో చెప్పినట్టు దగ్గరికి పిలిచి నోటి వాసన చూస్తున్నాడట. ఇవన్నీ రైతు చెబితే తెలిశాయి. బావమరిది నాతో ఒక్కమాట అనలేదు.

చుక్క ముట్టకుండా మూడు వారాలు నిలిచినవాళ్లకి కాంపౌండరు గారు బెల్లం ముక్క ఇచ్చేవారు. మూడో ఆదివారం మా బావమరిదికిచ్చారు. అందరూ చప్పట్లు. రైతైతే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. బావమరిది వచ్చి నా పక్కన కూర్చుని, నా అరచేయి తెరిచి అందులో పెట్టాడు.

"మీరే తినండి బావా. నేను మానిందేటుంది?"

ఆ ఉదయమే రెండు గ్లాసులు పడ్డాయి నాకు. చేతి చెమటకి బెల్లం జిగురుకడుతోంది. లేచాను. గంటసేపు మాట్లాడి అందర్నీ ఏడిపించానని రాయాలనే ఉంది. మోకాళ్లు బెంచీలో ఇరుక్కుని సగమే లేవగలిగాను. వంగి నిలబడే అన్నాను.

"తాగుబోతుని నేనండీ. ఇతను టీ కూడా తాగడు."

ఎవరూ నవ్వలేదు.

"మీ కళ్లల్లో దుమ్ము నాకు ముందే తెలుసు బాబూ. మాస్టారి సంగతే తెలవలేదు," అన్నారు కాంపౌండరు గారు. "ఆ బెల్లం ఇలా ఎట్టండి. మీకింకా మూడు వారాలుంది."

మూడు వారాలు కాదు, నాకు అయిదు నెలలు పట్టింది.

రైతు తలపట్టుకున్నాడు. "మరి ఊళ్లో ఏటి సెప్పమంటారు బాబూ?"

నేనే బడికొచ్చి అందరి ముందూ చెబుతానన్నాను. వెళ్లలేదు. ఈ వారం, వచ్చే వారం అంటూ ఏళ్లు గడిపేశాను. రైతు చెప్పాడు పాపం. మాస్టారి పరువు కాపాడుతున్నాడనుకున్నారు తప్ప ఎవరూ నమ్మలేదు. రిటైరయ్యేదాకా ఆ ఊళ్లో మా బావమరిది తాగుడు మానేసిన మాస్టారే. ఆడవాళ్లు మొగుళ్లని తీసుకొచ్చి, "మీరెలాగ మానీసినారో మా ఓడికీ సెప్పండి బాబూ" అనేవారట. కూర్చోబెట్టి చెప్పేవాడు, కాలవలో పడ్డం దగ్గర్నుంచి. నా కథే. వాళ్లలో కొందరిని తనే మా మీటింగుకి తీసుకొచ్చాడు.

ఇది రాసి అతనికి చదివి వినిపించాను. "ఇప్పుడెందుకు బావా," అన్నాడు. ఇది పట్టుకుని రేపు పొద్దున బస్సుకి కోటవురట్ల వెళ్లి, బడిలో అందరి ముందూ చదువుతాను. రేపని ఇదివరకూ అన్నాను గనక, ఈసారి అతన్ని బస్సులో నా పక్కన కూర్చోమన్నాను.