తాళం ఎవరిచ్చారు?

ఊళ్లో ఆమెను అందరూ పాలక్క అనేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవు దగ్గరికి పోవాలంటేనే ఆమె జంకేది. ఎక్కడ తన్నుతుందోనని అల్లంత దూరాన కూర్చుని చేతులు చాపితే, "పాలేమైనా నడిచొస్తాయేమిటే నీ దగ్గరికి?" అని అత్త పగలబడి నవ్వింది. ఆ మనిషే పదేళ్లు తిరిగేసరికి ఎనిమిది ఆవుల కొట్టాన్ని ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. తెల్లారేలోగా పేడ ఎత్తి, కుడితి కలిపి, పాలు పితికి, క్యాన్లు గేటు దగ్గర పెట్టి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించేది. పొలం పని భర్తది అని పేరేగాని, కలుపు రోజుల్లో ఆయన కన్నా ముందు వంగేది ఆమె, ఆయన కన్నా తర్వాత నడుం ఎత్తేదీ ఆమే.

ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పిచ్చుక అన్నారు. మాటలొచ్చాక దాని నోటికి మూతపడలేదు గనక ఆ పేరే ఖాయమైపోయింది. పదమూడేళ్ల తర్వాత, ఇక లేరనుకున్నాక, చిన్నది పుట్టింది.

పిచ్చుకకు తండ్రంటే ప్రాణం, తండ్రికి పిచ్చుకంటే అంతకు రెండింతలు. పదహారేళ్లకే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ట్రాక్టరు నేర్పాడు. "మగపిల్లలు లేరని దీనికి నేర్పుతున్నావా?" అని పక్క పొలం రైతు ఎకసెక్కమాడితే, "ఉన్నా దీనికే నేర్పేవాణ్ణి. ఈ పట్టు ఎవడికొస్తుంది?" అన్నాడు. ఆ మాట పిచ్చుక ఊరంతా చెప్పుకొచ్చింది.

దానికి పంతొమ్మిదో ఏడు నడుస్తోంది. విత్తనాల కోసం ఆయన ఉదయమే పట్నం బయలుదేరాడు. గుమ్మం దాటుతూ భార్యతో, "ఇవాళ ట్రాక్టరు బండి ముట్టుకోవద్దని దానికి చెప్పు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆయన మాటలెప్పుడూ అంతే, సగం నోట్లోనే ఉండిపోయేవి.

పది గంటలకు పడమట మబ్బు పట్టింది. దిగువనున్న పొలం చెక్క దున్నకుండా వాన పడితే, మళ్లీ వారం దాకా అందులో కాలు పెట్టలేరు. పిచ్చుక కొట్టం గుమ్మంలో నిలబడి గారాలు పోయింది. "అమ్మా, రెండు గంటల పని. నాన్న వచ్చేసరికి దున్నేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంటా. ఆయన మొహం చూడాలి అప్పుడు!"

"వద్దన్నాడుగా."

"ఆయన దేనికి వద్దనడు చెప్పు?"

పాలక్కకు నవ్వొచ్చింది. నిజమే మరి. కుడితి చేతిని చీర కొంగుకు తుడుచుకుని, మేకుకున్న తాళం తీసి కూతురి చేతిలో పెట్టింది.

గంట గడిచిందో లేదో పొలాల వైపు నుంచి కేకలు వినిపించాయి. దిగువ చెక్కకు దిగే వాలులో, గట్టు మలుపు దగ్గర బండి ఒక పక్కకు లాగేసి తిరగబడింది. పాలక్క పరుగెత్తుకెళ్లేసరికి నలుగురు మనుషులు దాన్ని ఎత్తలేక ఏడుస్తున్నారు. అప్పటికే చేయడానికేమీ మిగల్లేదు.

మధ్యాహ్నానికి ఆయన వచ్చాడు. వాకిట్లో పడుకోబెట్టిన కూతుర్ని చూశాడు. ఏడవలేదు. భార్య వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగాడు.

"తాళం ఎవరిచ్చారు?"

"నేనే" అంది పాలక్క.

ఆయన ఇంకేం అనలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత పదకొండేళ్లు ఆ సంగతి ఎత్తలేదు. చేయి చేసుకున్నా, నోటికొచ్చినట్టు తిట్టినా ఆమె భరించేది. ఆయన ఏమీ అనకపోవడమే భరించలేకపోయింది. విరిగిన బండిని ఎవరికో ఇచ్చేశాడు. దుక్కికి బయటి బండిని పిలిచేవాడు. ఇద్దరూ ఒకే చేలో పనిచేసేవారు, ఒకే పొయ్యి ముందు కూర్చునేవారు. "నీళ్లు కట్టావా?", "ఎర్రావు ఈనేలా ఉంది", "చిన్నదానికి చెప్పులు లేవు". అంతవరకే మాటలు. పిచ్చుక పేరు ఆ ఇంట్లో వినపడలేదు. అక్క ఎలా ఉండేదో చిన్నదానికి సరిగా గుర్తులేదు. ఒకసారి అడగబోతే తల్లి చేతిలో చెంబు జారి పాలన్నీ ఒలికిపోయాయి. పిల్ల మళ్లీ అడగలేదు.

'తాళం ఎవరిచ్చారు' అన్న మాట పాలక్క చెవిలో పాలు పితికేటప్పుడు వినిపించేది, గడ్డి కోసేటప్పుడు వినిపించేది. నా చేత్తో నేనే ఇచ్చానని ఆమె తనకు తాను చెప్పుకోని పూట లేదు.

పదకొండో ఏడు ఆయనకు దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో ఏమీ మిగల్లేదని డాక్టరు ఇంటికి పంపేశాడు. ఒక సాయంత్రం ఆమె వీపు తుడుస్తుంటే ఆయన గోడ వైపు తిరిగి అన్నాడు.

"బండికి ఎడమ బ్రేకు పట్టేది కాదు."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"పదిహేను రోజుల ముందు నుంచే. మెకానిక్కు చూసి పనికిరాదన్నాడు. విత్తనాలు వేశాక చేయిద్దామనుకున్నా. నేనైతే ఎలాగో లాక్కొచ్చేవాణ్ణి. ఆ రోజు తాళం జేబులో వేసుకుపోదామనుకుని మరిచిపోయా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే చేయించమని గోల పెడతావని."

"తర్వాతైనా?"

ఆయన దగ్గు ఆపుకున్నాడు. "తాళం ఎవరిచ్చారని ఎందుకడిగానో తెలుసా? నేను కాకుండా ఇంకెవరైనా ఉంటే బాగుండునని. నువ్వు 'నేనే' అన్నావు. తప్పు నీ మీదికి పోయింది. నేను పోనిచ్చా."

పాలక్క తడిగుడ్డ బకెట్లో వేసి లేచింది. కొట్టంలోకి వెళ్లి ఎండుగడ్డి మోపు మీద కూర్చుంది. బ్రేకు గురించి కాదు ఆమె కుమిలిపోయింది. మనిషన్నాక మరపు ఉంటుంది, రేపు చూద్దాంలే అనుకోవడం ఉంటుంది. కానీ పదకొండేళ్లు, రోజూ ఆమె మొహం చూస్తూ, ఆమె పెట్టిన అన్నం తింటూ!

మూడు రోజులు ఆమె ఆయనకు జావ తాగించింది, పక్క మార్చింది, మందులేసింది. ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయనా బతిమాలలేదు. నాలుగోనాడు చెంచా నోటికందిస్తూ ఆమె ఉన్నట్టుండి అంది.

"బండి అది నీకన్నా బాగా నడిపేది."

ఆయన కళ్లు తెరిచాడు. జావ గడ్డం మీదుగా కారిపోయింది. "అవునే" అన్నాడు. "మలుపు దగ్గర నేను రెండుసార్లు తిప్పేవాణ్ణి. అది ఒక్కసారికే."

అక్కణ్ణుంచి గట్టు తెగినట్టే అయింది. పిచ్చుక పాడితే ఆవు పాలు చేపడం మానేసేదని ఆమె అంది. పాటకు కాదు, మధ్యలో పిల్లకే నవ్వొచ్చి పొదుగు వదిలేసేదని ఆయన అన్నాడు. పంతులుతో వాదించి బడి బయట నిలబడి, అక్కడా వాదించిన సంగతి తలుచుకుని ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకి ఆయనకు దగ్గు తెర వచ్చి ఊపిరాడలేదు. చిన్నది గుమ్మానికానుకుని, పదిహేడేళ్ల పిల్ల, తనకో అక్క ఉండేదని మొదటిసారి తెలిసినట్టు వింటూ నిలబడింది.

అలా తొమ్మిది రోజులు. పదో రోజు ఉదయం ఆమె పాలు పితికి వచ్చేసరికి ఆయన లేడు.

"నాన్నని క్షమించావా అమ్మా?" అని చిన్నది నెల తర్వాత అడిగింది.

"ఏమోనే. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు" అంది పాలక్క.

ఆమెకు కోపం ఇప్పటికీ ఉంది. అంతకన్నా పెద్ద దిగులు ఇంకొకటుంది. చివరి రోజు సాయంత్రం ఆయన, పిచ్చుక మొదటిసారి ఒంటరిగా బండి నడిపిన సంగతి మొదలుపెట్టాడు. అది చేను చుట్టూ తిప్పుకొచ్చి, బండి ఆపి, కిందికి దూకి, తండ్రి దగ్గరికి పరుగెత్తుకొచ్చి ఏదో అందట. "ఏమందో తెలుసా..." అంటూనే ఆయనకు అలసటతో రెప్పలు వాలిపోయాయి. పడుకోనీ, రేపు చెబుతాడులే అనుకుని ఆమె దుప్పటి కప్పింది.

పిచ్చుక ఆ రోజు ఏమందో పక్క పొలం రైతును అడిగింది. మెకానిక్కును అడిగింది. ఆ రోజు ఆ చేలో వాళ్లిద్దరే ఉన్నారట.