ఇంకు వేసినాయన

మా బావమరిది బోర్డులు రాసే మనిషి. అనకాపల్లిలో ఫ్లెక్సీలు రాకముందు బట్టల కొట్ల బోర్డులు, స్కూలు గోడల మీద సూక్తులు, లారీల వెనక తామరపువ్వులు చాలావరకు అతని చేతివే. ఇప్పుడు ట్రాక్టర్ తొట్ల మీద నంబర్లు, పల్లెల్లో చర్చి గోడల మీద బైబిలు వాక్యాలు రాస్తున్నాడు. నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను, పత్రికలకి వ్యాసాలు రాస్తాను. ఇద్దరిలో తెలిసినవాణ్ణి నేనేనని ఇంట్లో అందరూ అనుకునేవారు. అందరికంటే గట్టిగా నేను అనుకునేవాణ్ణి.

అతనికి ఒక ఇష్టం ఉంది. నెలకోసారి విశాఖపట్నం వెళ్ళి ఒక ఇంగ్లీషు సూపర్ హీరో కామిక్ తెచ్చుకుంటాడు. పదో తరగతి ఇంగ్లీషుతో, తెలియని మాట ఫోన్‌లో చూసుకుంటూ, ఆ పల్చటి పుస్తకాన్ని వారం రోజులు చదువుతాడు.

ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర అతని సంచిలోంచి అది బయటికి కనిపించింది. "నలభైకి దగ్గర పడుతున్నావు, ఇంకా ఎగిరే మనుషుల బొమ్మలేనా?" అన్నాను. పక్కనే ఉన్న అతని కూతురు తండ్రి మొహం వంక చూసింది.

అతను నవ్వేడు. "ఈవిడ ఎగరదు బావా" అన్నాడు.

భోజనమయ్యాక చెయ్యి శుభ్రంగా తుడుచుకుని పుస్తకం నా ముందు తెరిచేడు. అందులో హీరో యాభై ఏళ్ళ ఆడమనిషి. సిటీ బస్సు నడుపుతుంది. ఎంత బరువైనా ఎత్తగలదు, కానీ ఎత్తిన మర్నాడు మోకాళ్ళు పట్టేస్తాయి. ఆ నెల సంచికలో ఒక వంతెన కూలబోతూంటే కింద నిలబడి భుజం ఆనించింది. ఎనిమిది పేజీలు ఒక్క మాట లేదు.

"సూడు బావా. ప్రతి గడిలోనూ వంతెన అక్కడే ఉన్నాది. ఈవిడే కొంచెం కొంచెం కిందకి దిగిపోతంది. మొదట గీత ఎంత లావుగా ఉన్నాదో సూడు. బలం తగ్గేకొద్దీ గీత కూడా సన్నబడిపోయింది. కుంచె మీద చెయ్యి తేలిక చెయ్యడం మాటలు కాదు."

వంతెన మీద జనం దాటిపోతున్నారు. కింద ఆవిడ ఉందని ఎవరికీ తెలీదు. ఎనిమిది పేజీల తరవాత ఒక ముసలాయన ఒకే ఒక్క మాట అంటాడు, రోడ్డు ఇవాళ కాస్త ఎగుడుదిగుడుగా ఉందని.

"ఇంకొకడైతే ఇక్కడ పెద్ద డైలాగు రాసేసేవోడు" అన్నాడు బావమరిది.

చివరి గడిలో ఆవిడ ఇంటికొచ్చి టీ కప్పు పట్టుకుంటుంది. కప్పులో టీ వణుకుతూ ఉంటుంది. అంతే, సంచిక అయిపోయింది. "మరి తరవాత?" అన్నాను నాకు తెలీకుండానే.

"నెల్లాళ్ళు ఆగాల. ఈ నెల్లాళ్ళూ ఆవిడకేటయిందో మనమే రాసుకుంటాం బావా. అందుకే నెలనెలా వచ్చేది బాగుంటాది."

ఆ మధ్యాహ్నం నేను ఒప్పుకోలేదు. ఏదో గొణిగి లేచిపోయాను. కానీ మూడు నెలలు అతని దగ్గర పాత సంచికలన్నీ అడిగి తెచ్చుకున్నాను. అతను ప్రతిదీ విప్పి చూపించేవాడు. తరవాత ఒక సాహిత్య పత్రికవాళ్ళు కొత్త విషయం మీద వ్యాసం కావాలంటే దీని మీద రాశాను. సన్నబడిన గీత రాశాను. ముసలాయన మాట రాశాను. పాఠకుడే రాసుకునే నెల్లాళ్ళ గురించి రాశాను. ఎక్కడా బావమరిది ఊసు లేదు. పెట్టాలని తోచలేదని చెబితే అబద్ధం. ఒక వాక్యం రాసి, బోర్డులు రాసే మనిషి చెప్పాడంటే వ్యాసం బరువు తగ్గుతుందని కొట్టేశాను.

వ్యాసానికి మంచి పేరొచ్చింది. ఊళ్ళో లైబ్రరీలో సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. మా ఆవిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చింది. చివరి వరసలో, గోళ్ళలో ఎర్ర పెయింటుతో, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నేను గంటసేపు మాట్లాడాను. అన్నీ అతని మాటలే, నా వ్యాకరణంలో. అతను మధ్యమధ్య తలూపుతున్నాడు.

చివర్లో ఒక రిటైర్డ్ మాస్టారు లేచి, "బొమ్మని ఇంత సూక్ష్మంగా చూడటం ఎక్కడ నేర్చుకున్నారండి?" అని అడిగారు.

వేలు చూపిస్తే చాలు. మనిషి ఎదురుగానే ఉన్నాడు.

"చదవగా చదవగా వస్తుందండి" అన్నాను.

చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టేడు.

బయట స్కూటరు దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "బాగా సెప్పేవు బావా. ఒక్కటే. గీత సన్నబడిందన్నావే, అది పెన్సిలు బొమ్మ వేసినాయన పని కాదు. మీద ఇంకు వేసినాయన వేరే. పేరు మొదటి పేజీలో సిన్న అక్షరాల్లో ఉంటాది. ఆయన్ని వొదిలేసేవు."

అందులో ఎత్తిపొడుపు లేదు. అతని బాధంతా ఆ ఇంకు వేసినాయన గురించే. ఇంటికొచ్చాక మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తూ, "ఆయన్నొక్కణ్ణేనా మీరు వదిలేసింది?" అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పది రోజులు అతనికి ఎదురుపడకుండా తప్పించుకున్నాను. పదకొండో రోజు, అతను కె. కోటపాడు దగ్గర ఒక చర్చికి వాక్యాలు రాస్తున్నాడంటే బండి మీద వెళ్ళాను. నిచ్చెన మీద ఉన్నాడు. కింద నిలబడే చెప్పాను. వ్యాసం నీదేనని, కావాలనే నీ మాట తీసేశానని, సభలో అబద్ధమాడానని.

కుంచె డబ్బా అంచుకి ఒత్తేడు. "నాకు తెల్దేటి బావా? అక్కడ కూకున్నప్పుడే తెలిసింది. మా పాప ముందు మాత్రం ఇంకెప్పుడూ ఎగిరే బొమ్మలనకు" అన్నాడు. తరవాత గోడ వైపు తిరిగి సగంలో ఉన్న అక్షరం పూర్తి చేశాడు.

పత్రికకి ఉత్తరం రాశాను. అతని పేరు, ఇంకు వేసినాయన పేరు రెండూ రాసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. చివరి పేజీలో నాలుగు లైన్లకి కుదించి వేశారు. వ్యాసాన్ని మెచ్చుకున్నవాళ్ళెవరూ ఆ నాలుగు లైన్ల గురించి నాతో మాట్లాడలేదు.

ఇప్పటికీ నెలనెలా కొత్త సంచిక చదివాక నాకు తెచ్చిస్తాడు. తెరిచి చూపించడం మాత్రం మానేశాడు. "నువ్వే సూడు బావా, నీకు తెలుత్తాది" అని బల్ల మీద పెట్టి, అక్కతో మాట్లాడటానికి వంటింట్లోకి వెళ్ళిపోతాడు. నేను పేజీలు తిప్పుతాను. బొమ్మలు కనిపిస్తాయి. వాటిలో ఏది చూడాలో తెలీదు. లోపలికి వెళ్ళి ఒకసారి చూపించమని అడగాలని లేస్తాను. ఇంతవరకు గుమ్మం దాటలేకపోయాను.