మా అత్తగారి పశువుల మేడ

మా అత్తగారు మొన్న శనివారం పొద్దున్న పోయారు. పలకరించడానికొచ్చిన ఊరి కామందుగారు మెట్లు దిగుతూ, "ఇంక ఆ పశువుల మేడ మట్టి వాలు తవ్వించెయ్యండమ్మా, దారికి అడ్డం" అన్నారు. ఆవిడనింకా మంచం మీంచి దించనేలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మామగారు మిషను దొరగారి దగ్గర తాపీపని చేసేవారు. దొరగారి తాతలు జర్మనీ నుంచి అమెరికా వెళ్ళి సేద్యం చేసినవాళ్ళు. వాళ్ళ కొట్టానికి రెండంతస్తులట. కింద రాతిగోడల మధ్య పశువులు, పైన గడ్డి. మట్టితో ఏటవాలుగా దారి పోస్తే గడ్డిబండి తిన్నగా పైకే వెళ్ళేదట. మామగారు ఇంట్లో ఈ మాట చెప్పగానే అత్తగారు పట్టుకున్నారు. అంతకుముందు వరదలో చూడి ఆవు కొట్టుకుపోయిన బాధ ఆవిడది. "గడ్డెక్కే దారిలో గొడ్డెక్కదేంటండీ? మనకీ కట్టండి" అన్నారు. రెండో యుద్ధం అయ్యాక కట్టారు. కింద ఇటుక గోడలు, వాటి మీద తాటి దూలాల అంతస్తు, పైన పెంకులు, పక్కన మట్టి వాలు.

కూలి చేసుకునేవాళ్ళు, అదీ మతం పుచ్చుకున్నవాళ్ళు, అంత ఎత్తు లేపడం కొందరికి కంటగింపైంది. ఈ కామందుగారే వచ్చి నిలదీశారట.

"మా సావిడి కంటే ఎత్తు లేపుతున్నావేంటే? పైది దింపించెయ్."

"పశువులకండి. మీ సావిడెంత ఎత్తో ఆటికి తెలీదండి" అన్నారట అత్తగారు.

మా వాళ్ళను కూలికి పిలవడం మానేశారు. అయినా దింపలేదు.

ఏటా వానలకు వాలు కోసుకుపోయేది. అత్తగారే తట్టతో మట్టి పోసేవారు. నేను బడిలో టీచర్ని. చీర పాడవుతుందని దూరంగా నిలబడితే, "మట్టంటితే పాఠాలు మర్చిపోతావేంటమ్మా?" అని ఎత్తిపొడిచేవారు.

యాభై మూడులో గోదావరి మా ఊళ్ళోకి వచ్చేసింది. మా పశువుల్ని వాలు మీదుగా పైకి తోలేశాం. నడుంలోతు నీళ్ళలో కామందుగారు తన గేదెలతో వచ్చి వాలు దగ్గర ఆగిపోయారు. అత్తగారే పైనుంచి కేకేశారు.

"తోలండి, చూస్తారేంటి? మీరూ ఎక్కండి."

"ఆయ్" అన్నారాయన, తలెత్తకుండా.

నీళ్ళు తీసేదాకా మా గడ్డి మీదే పడుకున్నారు. దిగాక ఆ ఊసే ఎత్తలేదు. "ఎత్తితే ఆయన్ని చిన్నబుచ్చినట్టమ్మా" అని అత్తగారూ ఎత్తలేదు. నేను ఎత్తుతున్నాను.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం, కామందుగారు ఎదురరుగు మీద కూర్చుని చూస్తుండగానే తట్ట తీశాను. కట్టుకున్న తెల్లచీరతోనే, కోసుకుపోయిన చోటల్లా మట్టి పోసి కాళ్ళతో తొక్కాను. ఇంకా తొక్కుతుండగానే మా పెయ్య నన్ను పక్కకు నెట్టుకుని పైకెక్కిపోయింది. తడిమట్టిలో నా అడుగుల మీద దాని గిట్టలు లోతుగా దిగబడ్డాయి.