సందా కాలికి రాసిన నూనె

పదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీ జాలి నాకక్కర్లేదు. వినండి చాలు.

మా తమ్ముడు బర్మా అమ్మాయిని చేసుకున్నాడు. పేరు తిడా. యాంగోన్ పక్కనున్న తన్లిన్‌లో అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆమెను చూస్తేనే నాకు ఒళ్లు మంట. వాళ్ల కూతురు సందాకి పుట్టుకతోనే ఎముకలు పెళుసు, కాస్త గట్టిగా పట్టుకుంటే విరుగుతాయి. ఆ జబ్బు తల్లి వైపు నుంచే వచ్చిందని వీధి వీధంతా చెప్పాను. నాకేం తెలుసు? ఏమీ తెలియదు.

సందాకి ఆరేళ్లప్పుడు యాంగోన్ ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించేవారు. కమ్మీలు పట్టుకుని నిలబడటం అప్పుడప్పుడే వస్తోంది. కాలు తనంతట తనే కదపాలి, ఎవరూ లాగకూడదు, ఎత్తాలంటే కింద రెండు అరచేతులూ పెట్టాలి అని తిడా నాకు పాఠం చెప్పేది. నాకా చెప్పేది? మా ఇంట పుట్టిన ప్రతి బిడ్డకూ నూనె రాసి కాళ్లు సాగదీసింది నేనే.

ఒక మధ్యాహ్నం తిడా పబేడాన్ బజారుకు వెళ్లింది. పిల్లను చాప మీద పడుకోబెట్టి నువ్వుల నూనె రాశాను.

"లాగొద్దత్తా, ఇరిగిపోద్ది," అంది సందా.

"ఏటీ అవదు. మీయమ్మ మాటలు ఒగ్గీ," అన్నాను. లాగాను.

విరగడం నా చేతికి తెలిసింది.

పిల్ల మంచికే చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మంచికే అయితే తిడా ఇంట్లో లేనప్పుడు చూసి ఎందుకు చేసినట్టు? ఆమె మాట తప్పని తేలాలి, నా చేతి చలవ వల్లే పిల్ల నడిచిందని నలుగురూ అనుకోవాలి, అంతే కదా నాకు కావలసింది?

నిజం చెబితే ఇంక ఆసుపత్రికి తీసుకెళ్లరని, ఏడుస్తున్న పిల్లను బెదిరించాను. నిలబడాలని దానికి ఎంత ఆశో. నోరు మూసుకుంది. తిడా రాగానే, పొద్దున నువ్వు ఎత్తినప్పుడే విరిగుంటుందన్నాను. ఎదురు తిరుగుతుందనుకున్నాను. నమ్మేసింది. నమ్మినందుకు ఇంకా కోపం వచ్చింది.

ఆ రోజు నుంచి తిడా కూతుర్ని ఎత్తదు. ఎత్తేది నేనే, రెండు అరచేతులూ కింద పెట్టి.

మొన్న ఆసుపత్రిలో, ఇప్పుడు పదహారేళ్ల సందా, కమ్మీలు వదిలి వాళ్లమ్మ వైపు చేతులు చాపింది. తిడా వెనక్కి జరిగింది.

"వదినా, మీరే పట్టుకోండి. నా సేతులు మంచివి కావు," అంది.

సందా నా వైపు చూసింది. నేనే పట్టుకున్నాను.

తిడా చేతులు మంచివే. కాలు విరిచింది నేను. ఆమెతో ఈ మాట అనే ధైర్యం ఇంకా రాలేదు. మీతో అన్నాను, గుండెల మీద బరువు కాస్త తగ్గింది. తగ్గినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.