వినపడలేదన్నాను

కొన్నేళ్లుగా నా లోపల ఒక అబద్ధం ఉంది. చిన్నదే. ఒక్క మాట. పొద్దున పంజాగుట్టలో ఆఫీసు మెట్లెక్కుతున్నప్పుడు ఉంటుంది, సాయంత్రం పప్పులో పోపు వేస్తున్నప్పుడు ఉంటుంది. ఎవరైనా నన్ను మంచి మనిషి అంటే మరీ బరువెక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

పద్మ గురించి ముందు చెప్పాలి. అమీర్‌పేటలో మా సందు చివర ఆమెకు బ్లౌజులు కుట్టే షాపు ఉంది. పుట్టిల్లు సిరిసిల్ల, మగ్గాల ఇల్లు. పెళ్లయి ఇక్కడికి వచ్చాక, భర్త సనత్‌నగర్‌లో వర్క్‌షాపు పనికి పోతుంటే తను ఒక మిషన్‌తో మొదలుపెట్టింది. నాకంటే ఆరేడేళ్లు చిన్నది. అక్కా అనేది. ఆమె గుడ్డ కత్తిరించడం మీరు చూసి ఉండాల్సింది. కత్తెర ఒకసారి పెట్టిందంటే మధ్యలో ఆగేది కాదు. పెళ్లిళ్ల రోజుల్లో ఆ పక్కన కుర్చీ వేసుకుని ఊరికే చూస్తూ కూర్చునేదాన్ని.

సైకిల్ పిచ్చి మొదట నాదే. షుగర్ రావచ్చని డాక్టర్ భయపెడితే మొదలుపెట్టాను. మెట్రో పిల్లర్ల కింద బస్సుల మధ్య తొక్కడం విసుగు పుట్టి, మట్టి దారుల్లో, కంకర దారుల్లో పోయే గ్రావెల్ సైకిల్ కొనుక్కున్నాను. ఒక్కదాన్నే పోవడానికి భయమేసి పద్మను లాగాను. పాత సైకిల్ ఒకటి వెతికి ఇప్పించాను. చిన్నప్పుడు సిరిసిల్లలో అన్నల సైకిల్ మీద తిరిగిందట. ఏడాది తిరగకముందే నన్ను దాటిపోయింది.

దాటిపోయింది అని ఎంత తేలిగ్గా రాశాను! వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవికి ఎప్పుడు పోయినా, ప్రతి ఎక్కుడులోనూ ఆమె వీపే నాకు కనిపించేది. పైకి చేరాక సైకిల్ దిగి, చున్నీతో ముఖం తుడుచుకుంటూ, "రా అక్కా, అయిపోయింది, గింతే ఉన్నది" అని నవ్వేది. అందులో ఎగతాళి లేదు. నాకు తెలుసు. ఎగతాళి ఉండి ఉంటే నేను ఇంతగా కుళ్లుకునేదాన్ని కాదేమో. నేను తీసుకొచ్చినదే కదా, నాకంటే తక్కువ చదివినదే కదా, నాకోసం ఆగడమేమిటి అని లోపల మండేది. బయటికి మాత్రం నవ్వేదాన్ని.

ఆ రోజు వానాకాలం ఆదివారం. మేమిద్దరమే పోయాం. కారు కొండ కింద ఆపి సైకిళ్లు దించాం. ముందు రాత్రి పడిన వానకు ఎర్రమట్టి మెత్తగా ఉంది, దాని మీద కంకర జారుతోంది. టేకుచెట్ల ఆకుల నుంచి ఇంకా నీళ్లు రాలుతున్నాయి. కొంత దూరం పోయాక పద్మ ఆగింది. ఇంటికి ఫోన్ కలుస్తుందేమో చూస్తానంది. నేను ఆగలేదు. ఈసారి నేనే ముందు పోతాననుకున్నాను. ఒక నిటారు దిగుడు, దాని తర్వాత పొడుగాటి ఎక్కుడు. దిగుడు జాగ్రత్తగా దిగాను. ఎక్కుడు మొదలుపెట్టాను.

వెనక కంకర జారిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇనుము రాయికి తగిలిన చప్పుడు. తర్వాత, "అక్కా!"

నేను తొక్కుతూనే ఉన్నాను.

"అక్కా, జర ఆగు!"

గట్టిగానే వినిపించింది. అడవిలో ఇంకే చప్పుడూ లేదు. తల తిప్పి ఉంటే సరిపోయేది. ఎందుకు తిప్పలేదు? పడిందని నాకు తెలుసా, తెలియదా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. ఒక్కోసారి, చెయిన్ జారి ఉంటుంది, సాయానికి పిలుస్తోంది అనుకున్నానని నాకు నేనే నచ్చజెప్పుకుంటాను. ఇంకోసారి, ఆ ఇనుము చప్పుడు ఏమిటో సైకిల్ తొక్కే ఎవరికైనా తెలుస్తుంది, నీకూ తెలిసింది, తెలిసే పోయావు అని నా మనసే నన్ను నిలదీస్తుంది. నిజం ఈ రెండో దాని దగ్గరే ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పైన నిలబడి ఆమె కోసం నేను ఎదురుచూడాలనుకున్నాను. ఆగితే ఆ ఊపు పోతుందనుకున్నాను.

పైకి చేరాను. సైకిల్ చెట్టుకు ఆనించి ఫోటో తీసుకున్నాను. తెచ్చుకున్న పల్లీపట్టి తిన్నాను. వస్తుందిలే అనుకున్నాను. కొండల మీద మబ్బు కిందికి దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. బాగుంది. అవును, బాగుందనే అనిపించింది, అది కూడా చెప్పాలి. వాన మొదలయ్యాక గానీ నేను లేవలేదు.

దిగుడు మలుపులో, దారి పక్క గుంతలో పడి ఉంది. కుడి మోచెయ్యి వంగకూడని వైపు వంగి, రాతికీ సైకిల్‌కీ మధ్య ఇరుక్కుంది. వేళ్లు తెల్లగా పాలిపోయాయి. నన్ను చూసి ఏడవలేదు. "వచ్చినవా అక్కా" అంది, అంతే. సైకిల్ తప్పించి, చున్నీతో చెయ్యి కట్టి, కారు దాకా సగం మోసి సగం ఈడ్చి తెచ్చాను. సోమాజిగూడలో ఒక ఆస్పత్రిలో చేర్చాను. ఆపరేషన్ అయ్యాక డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, చేతికి రక్తం చాలాసేపు ఆగిపోయిందని, ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే నరాలు ఇంత దెబ్బతినేవి కావని చెప్పాడు. ఆ మాట నేను ఎవరికీ చేరవేయలేదు.

మర్నాడు పద్మ అడిగింది. మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను.

"అక్కా, నేను పిలిచిన. నీకు ఇనవడలేదా?"

"లేదు పద్మా. గాలి మస్తుండె. వినవడలే."

ఆమె ఫ్యాను వంక చూస్తూ అంది.

"మెల్లగ పిలిచినట్టున్న. భయానికి గొంతు లేవలేదు కావచ్చు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆమె నా తప్పును తీసి తన గొంతు మీద వేసుకుంటుంటే, నేను దుప్పటి సర్దాను.

పద్మ కుడిచేతి వేళ్లు ఇప్పుడు కత్తెర పట్టవు. కత్తిరించడానికి ఒక మనిషిని పెట్టుకుంది. తను ఎడమ చేత్తో హుక్కులు కుడుతుంది, కొలతలు తీసుకుంటుంది. వాళ్లాయన ఇన్నేళ్లుగా నేను కనిపిస్తే లేచి నిలబడేవాడు, అడవిలోంచి మోసుకొచ్చిన మనిషినని. ఆదివారాలు కలిసి తొక్కే మా ఆడవాళ్ల సైకిల్ గుంపులో కొత్తగా ఎవరు చేరినా పద్మ వాళ్లకు ఒక ఈల కొనిచ్చేది. "అరిస్తే ఇనవడదు చెల్లె. అంత దగ్గరున్న అక్కకే ఇనవడలే" అని చెప్పి మరీ మెడలో వేసేది. నా అబద్ధం ఇంతమందికి పాఠమైంది. నేను పక్కనే నిలబడి తలూపేదాన్ని.

పోయిన వారం, డిగ్రీ చదువుతున్న పద్మ కూతురు శ్రావణి ఆదివారం తనూ నాతో అనంతగిరికి వస్తానంది. వాళ్లమ్మ ఒప్పుకోదనుకున్నాను. పద్మ మా ఇంటికి వచ్చి, "నువ్వుంటవు గద అక్కా, నాకేం ఫికర్ లేదు" అంది. టీ తాగి వెళ్లిపోయింది. మోకాలు నొప్పి అని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మాట నోట్లో తయారుగానే ఉంది. ఇంకో అబద్ధం ఎంత సులువుగా పుట్టుకొచ్చిందో చూసి భయపడ్డాను.

మర్నాడు ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి, మధ్యాహ్నం షాపుకు పోయాను. కత్తిరించే మనిషి భోజనానికి వెళ్లాడు. నిలబడే చెప్పాను. చుట్టూ తిప్పకుండా చెప్పాలని దారంతా అనుకున్నాను గానీ మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. పద్మ సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

"ఎంత దూరంల ఉంటివి?"

"ఎక్కుడు అప్పుడే మొదలువెట్టిన. తిరిగి చూస్తే కనిపిస్తుంటివి."

"రెండోసారి పిలిచింది సుత విన్నవా?"

"విన్న."

ఆమె తిట్టలేదు. తిడుతుందని నేను సిద్ధపడి పోయాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఎడమ చేత్తో కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే పట్టుకుని, ఎప్పుడూ చేసే కసరత్తులా, మెల్లగా వంచి చాపింది. గుమ్మంలోకి ఎవరో అమ్మాయి కొలతలకని వచ్చింది. "రా బిడ్డా, కూసో" అంది పద్మ, ఆ అమ్మాయితో. నేను బయటికి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత శ్రావణి మా తలుపు కొట్టింది. పండక్కని నేను కుట్టమని ఇచ్చిన జాకెట్ గుడ్డలు, ఇచ్చిన కవర్లోనే, మడత విప్పకుండా తెచ్చింది. "అమ్మ ఇచ్చి రమ్మన్నది ఆంటీ." ఆ పిల్లకు తెలుసో తెలియదో ముఖం చూసి తేల్చుకోలేకపోయాను. ఆదివారం వేరేవాళ్లతో పోతున్నానని చెప్పింది. జాగ్రత్త అన్నాను.

క్షమించమని నేను అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడగను? ఇకముందు అడుగుతానేమో తెలియదు, ఆమె నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. షాపు ముందునుంచి పోకుండా మెట్రో స్టేషన్‌కు చుట్టుదారిలో పోతున్నాను. చెల్లెలు లాంటి మనిషిని పోగొట్టుకున్నాను. ఏడుపు వస్తోంది, నిజమే. కానీ ఆ రోజు షాపు మెట్లు దిగుతుంటే, ఇన్నేళ్ల తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాను. అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతున్నాను. ఇక దాచుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.